పోటు మీద ఉయ్యాల

ఇంట్లో నవారు మంచాలున్నాయి. డబుల్ కాట్ ఉంది. కొత్తగా వేసిన స్లాబు మీద గాలి ధారాళంగా ఆడే డాబా ఉంది. ఇవన్నీ వదిలేసి, పసిపిల్లల్ని వెంటేసుకుని సముద్రం వారకి వెళ్ళి, చెట్లకి వేలాడి పడుకుంటామన్న కోడల్ని బుల్లెమ్మ కాసేపు ఎగాదిగా చూసింది.

"అలాగ గబ్బిలాలు పడుకుంటాయమ్మా," అంది. "మనుషులకి మంచాలు చేయించారు పెద్దలు."

"గబ్బిలాలు తలకిందులుగా కదా అత్తయ్యా. మేం తిన్నగానే పడుకుంటాం," అంది సత్యవాణి.

ఎవరికైనా వేపకాయంత వెర్రి ఉంటుందంటారు. కువైట్ నుంచి దిగిన కోడలికి అది గుమ్మడికాయంత ఉందని బుల్లెమ్మకి ఆ పూటే ఖాయమైపోయింది. అయినా పులిహోర కలిపింది, పెరుగన్నంలో దానిమ్మ గింజలు వేసింది, దోమలకని వేపనూనె సీసా కూడా సర్దింది. నోటితో తిట్టి చేత్తో పెట్టే రకం ఆవిడ.

ఆ గుడ్డ ఉయ్యాలలు రెండూ కువైట్ నుంచి వచ్చినవే. ఒకటి ఆకుపచ్చ, ఒకటి నీలం. చలికాలం వస్తే అక్కడ సత్యవాణి పనిచేసే ఇంటి మేడం వాళ్ళు కుటుంబమంతా కలిసి ఎడారిలోకి వెళ్ళి గుడారాలు వేసుకుని రోజుల తరబడి ఉండేవారు. వంట చెయ్యడానికి, పిల్లల్ని చూసుకోడానికి సత్యవాణీ వెళ్ళేది. ఇనప స్తంభాలు పాతి ఈ ఉయ్యాలలు కట్టేవాళ్ళు. మేడంగారి కవలపిల్లలిద్దర్నీ రాత్రిళ్ళు ఇందులోనే వేసి ఊపి, తనకొచ్చిన తెలుగు జోలపాటలన్నీ పాడేది. అరబ్బీ పిల్లలు రామాలాలీ వింటూ నిద్రపోయేవారు. మూడేళ్ళ తర్వాత సెలవు మీద ఊరికి బయల్దేరుతుంటే మేడం పాత బ్యాగులతో పాటు వీటినీ ఇచ్చింది. మీ పిల్లలు కూడా ఊగుతారు, తీసుకెళ్ళు, అంది. ఆ మాట సత్యవాణికి సూదిలా గుచ్చుకుంది. ఇచ్చిన మనిషి మంచి మనసుతోనే ఇచ్చింది, అది వేరే సంగతి.

సత్యవాణి భర్త గణేష్‌బాబు ట్రాలీ ఆటో తోలతాడు. రామచంద్రపురం చుట్టుపక్కల ఊళ్ళలో కొబ్బరికాయలెత్తి మండీలకి చేరవేస్తాడు. మనిషి మంచివాడే, కాకపోతే ఏ విషయం ముందు పెట్టినా "నీ ఇష్టం వాణీ" అంటాడు. కువైట్ వెళ్ళనా అని అడిగినప్పుడూ అదే అన్నాడు. ఇప్పుడు ఇల్లు పూర్తయింది. మేడం మాత్రం రోజూ ఫోన్‌లో వాయిస్ మెసేజ్ పెడుతోంది, ఎప్పుడొస్తున్నావు, టికెట్ పంపుతాను, పిల్లలు నిన్నే అడుగుతున్నారు, అని. ఈ ఆదివారం లోపు ఏదో ఒకటి చెప్పమంది. మళ్ళీ వెళ్ళనా, ఉండిపోనా, అని సత్యవాణి మొగుణ్ణి అడిగితే ఏం జవాబొచ్చిందో చెప్పక్కర్లేదు.

తేల్చుకోలేకపోవడానికి కారణం కూతురు.

కొడుకు మణిదీప్‌తో పేచీ లేదు. ఎనిమిదేళ్ళ వాడు, వాగుడుకాయ. తల్లి వచ్చిన గంటలోనే మూడేళ్ళ స్కూలు కబుర్లు చెప్పేశాడు. దుర్గాశ్రీ అలా కాదు. తను వెళ్ళేటప్పటికి దానికి ఏడాదిన్నర. ఇప్పుడు పరికిణీ కట్టి, రెండు పిలకలు వేసుకుని, ఇల్లంతా తనదే అన్నట్టు తిరుగుతోంది. పగలంతా బాగానే ఉంటుంది. జడ వేయించుకుంటుంది, ముద్దలు పెట్టించుకుంటుంది, ఒళ్ళో కూచుని టీవీ చూస్తుంది. ఒక్క ఆవలింత వచ్చిందా, అంతే. దిగ్గున లేచి వెళ్ళి నానమ్మ పక్కలో దూరుతుంది. మధ్యాహ్నం పూట బుల్లెమ్మ ఇంట్లో లేకపోతే కళ్ళు మూతలు పడుతున్నా గోడకి ఆనుకుని కూచుంటుంది గానీ తల్లి పక్కన ఒరగదు. ఒకసారి అది నిద్రపోయాక సత్యవాణి చప్పుడు చెయ్యకుండా వెళ్ళి పక్కన పడుకుంది. కాసేపటికి పిల్ల కళ్ళు విప్పి, ఎవరో చూసి, తలగడ తీసుకుని నానమ్మకి అవతలివైపు మారిపోయింది.

ఆ రాత్రి సత్యవాణి వంటింట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. పగటికి తను, రాత్రికి నానమ్మ. బొమ్మలు తెచ్చిన చుట్టంతో పిల్లలు పగలు ఆడుకుంటారు, నిద్రకి మాత్రం తల్లినే వెతుక్కుంటారు. అంటే దీనికి తల్లి ఎవరో తేలిపోయినట్టేగా. తన అవసరం తీరిపోయాక ఇక్కడుంటే ఎంత, అక్కడుంటే ఎంత? అక్కడైతే కనీసం ఇద్దరు పిల్లలు తన చెయ్యి పట్టుకుని నిద్రపోతారు.

అందుకే ఈ ఉయ్యాలల వెర్రి. నానమ్మ లేని చోట ఒక్క రాత్రి. పిల్ల తన పక్కన నిద్రపోతే ఉండిపోతుంది. లేదంటే ఆదివారం మేడంకి టికెట్ పంపమని చెప్పేస్తుంది. ఈ సంగతి మొగుడికి చెప్పలేదు. చెప్తే నీ ఇష్టం అంటాడు.

వైశాఖ పున్నమి నాడు సాయంత్రం బయల్దేరారు. ట్రాలీలో చాప పరిచి పిల్లలూ తనూ కూచున్నారు. దారి పొడుగునా కాలువలు ఎండిపోయి ఉన్నాయి. ఎండాకాలం కదా, కాలువలు కట్టేశారు. అడుగున బురదలో కొంగలు తీరిగ్గా తిరుగుతున్నాయి. వరి చేలు దాటి, కొబ్బరి తోటలు దాటి, రొయ్యల చెరువులు దాటాక గాలిలో ఉప్పు వాసన తగిలింది.

గణేష్‌బాబు స్నేహితుడు త్రిమూర్తులుది అక్కడి బెస్తపాలెం. ఆ రోజు యానాంలో పెళ్ళికి పోయాడు గానీ ఫోన్‌లో అన్నీ చెప్పాడు. ఇసక మెరక మీద సరుగుడు తోట ఉంది, అందులో కట్టుకోండి, ఎవరూ ఏమీ అనరు, అన్నాడు. తీరా చూస్తే సరుగుడు చెట్లు సన్నగా, మణికట్టు లావున ఉన్నాయి. కాస్త దిగువన, పాయ పక్కన మడ చెట్లున్నాయి. లావుగా, పొట్టిగా, గుబురుగా, కింద చల్లగా ఉంది. నేల నెర్రెలిచ్చి గట్టిగా ఉంది. ఆ నేలలోంచి జానెడేసి పుల్లలు వేలకి వేలు నిటారుగా పొడుచుకొచ్చాయి.

"నాన్నా, ఇక్కడ మేకులెవరు కొట్టారు?" అన్నాడు మణిదీప్.

"మేకులు కాదురా, చెట్టు వేళ్ళు. గాలి పీల్చుకోడానికి పైకొస్తాయంట."

"నేల లోపల గాలి లేదా?"

"బురదైతే ఉండదు."

"మరి ఇది బురద కాదుగా?"

ఆ ప్రశ్న దగ్గర గణేష్‌బాబు ఒక్క క్షణం ఆగి ఉంటే కథ వేరేగా ఉండేది. ఆగలేదు. సత్యవాణి మాత్రం పాయ వైపు చూసి, "ఏవండీ, నీళ్ళు ఇటు రావు కదా?" అంది.

"నీళ్ళా?" అని నవ్వాడతను. "ధవళేశ్వరంలో గేట్లెత్తితే గదా నీళ్ళు. జూన్ దాకా ఎత్తరు. కాలువలు కట్టేశాక చుక్క నీరెక్కడిది?"

గోదావరి కాలువల కింద పుట్టి పెరిగినవాడి తంతే అంత. నీళ్ళంటే లాకులు ఎత్తితే వచ్చేవి, దించితే ఆగేవి. సముద్రం కూడా ఇరిగేషన్ వాళ్ళని అడిగే కదులుతుందని అతని నమ్మకం. సత్యవాణి పుట్టిల్లూ కాలువ గట్టు మీదే. మూడేళ్ళు చుక్క నీరు లేని ఎడారి చూసొచ్చిన మనిషి. అందుకని ఆవిడకీ ఆ మాట సబబుగానే తోచింది.

పాములు, పురుగులు ఉంటాయని ఉయ్యాలలు మడ చెట్లకే ఛాతీ ఎత్తున కట్టారు. రెండింటికీ మధ్య చెయ్యి చాస్తే అందేంత దూరం. మణిదీప్ ఎక్కి, బోర్లా పడి, మళ్ళీ ఎక్కి, అరగంటలో ఊగడంలో ఆరితేరాడు. పులిహోర తిన్నారు. సముద్రం వైపు ఆకాశం ఎర్రబడుతోంటే ఊరు తగలబడుతోందేమో అనుకున్నారు. చంద్రుడు. నీళ్ళలోంచి మెల్లగా, బూరెల మూకుడంత వాడు, రాగి రంగులో పైకొచ్చాడు. వాగుడుకాయ మణిదీప్ నోరు తెరిచి అలాగే ఉండిపోయాడు. దుర్గాశ్రీ రెండు చేతులెత్తి దణ్ణం పెట్టింది. ఎవరూ చెప్పలేదు దానికి.

పడుకునే వేళయింది. "మణీ నాన్న దగ్గర, దుర్గమ్మ నా దగ్గర," అంది సత్యవాణి మామూలుగా అన్నట్టు.

దుర్గాశ్రీ తండ్రి లుంగీ పట్టుకుంది. "నేనూ నాన్న దగ్గరే."

"ముగ్గురు పట్టరమ్మా," అన్నాడు తండ్రి.

"పడతాం. నేను చిన్నదాన్ని."

గణేష్‌బాబు భార్య వంక చూశాడు. సత్యవాణి తల తిప్పుకుని, "పోనీండి, మీ దగ్గరే ఉంచుకోండి," అంది. తన ఉయ్యాలలోకి ఒక్కతే ఎక్కి పడుకుంది. ఇద్దరికని కుట్టిన గుడ్డ ఒక్క మనిషి చుట్టూ దగ్గరగా ముడుచుకుంది. ఆదివారం ఏం చెప్పాలో తేలిపోయింది, అనుకుంది. తేలితే తేలికగా ఉంటుందనుకుంది గానీ, లేదు.

పక్క ఉయ్యాలలో కబుర్లు కాసేపు సాగి, తగ్గి, ఆగిపోయాయి. సత్యవాణికి కునుకు పట్టలేదు. ఎక్కడో ఎవరో బియ్యం కడుగుతున్నట్టు చిన్న చప్పుడు వినిపించింది. ఆగింది. మళ్ళీ వినిపించింది. పక్కకి ఒత్తిగిలి కిందికి చూసింది. నేల మీద ఆ పుల్లల మధ్య వెన్నెల పడి మెరుస్తోంది. మెరిసేది మెరుస్తూ ఊరుకోలేదు, కదిలింది. పాము కదిలినట్టు సన్నగా ఒక పుల్ల చుట్టూ తిరిగి, ఇంకో పుల్లని చుట్టి, ముందుకు పాకింది. ఉయ్యాల కింద విడిచిన తన చెప్పు దానంతటది లేచి నిలబడి, అటూ ఇటూ చూసుకున్నట్టు తిరిగి, మెల్లగా నడిచి వెళ్ళిపోయింది.

"ఏవండీ! నీళ్ళు!"

"ఊఁ?" అన్నాడు గణేష్‌బాబు నిద్రమత్తులో. "కలొచ్చిందా? కాలువ కట్టేశారుగా."

"ఆ మాట వాటికి చెప్పండి లేచి!"

అతను లేవక్కర్లేకపోయింది. ట్రాలీలో కొబ్బరి బస్తాలు కట్టే ముడే ఉయ్యాలకీ వేశాడు. బస్తాలు కదలవు కాబట్టి వాటికి ఆ ముడి చాలు. మనుషులు ఊగుతారు. అందులో ముగ్గురు. తాడు మాను మీద జారుతూ జారుతూ వచ్చి, ఉయ్యాల అడుగు నీళ్ళని తాకింది. నడుం తడిసేసరికి గణేష్‌బాబుకి కాలువ కట్టేశారన్న నమ్మకం పూర్తిగా పోయింది.

"ఓరి నాయనో!" అని పిల్లల్ని పైకెత్తి పట్టుకుని కిందికి దూకాడు. నీళ్ళు పిక్కల దాకా ఉన్నాయి. ఆ పుల్లలు అరికాళ్ళలో గుచ్చుకుంటున్నాయి. ట్రాలీ పైన మెరక మీద ఉంది గానీ, ఈ మేకుల మీద, కనపడని బురదలో, ఇద్దరు పిల్లల్ని ఎత్తుకుని అంత దూరం నడవడం జరిగే పని కాదు. మణిదీప్‌ని పక్క కొమ్మ మీద కూచోబెట్టి, ఒక్క చేత్తో ఫోన్ తీసి త్రిమూర్తులికి చేశాడు.

ఇవతల సత్యవాణికి వినపడేలా నవ్వాడు త్రిమూర్తులు. పెళ్ళి మేళం మధ్య అరుస్తూ చెప్పాడు. "మెరక మీద కట్టుకోమంటే పల్లంలో కట్టావేంట్రా! పున్నమి పోటు అది. మోకాలు దాటదు. ఇంకాసేపటికి తీసేస్తది. గమ్మున ఉయ్యాల్లో కూకోండి, ఏం భయం లేదు. మెల్లగా వస్తది, మెల్లగా పోద్ది."

గణేష్‌బాబు తాడు పైకి జరిపి, ఈసారి గట్టిగా మూడు చుట్లు వేసి ముడేశాడు. మణిదీప్‌ని అందులో వేశాడు. ముగ్గుర్ని మాత్రం మళ్ళీ ఎక్కించే ధైర్యం లేకపోయింది. దుర్గాశ్రీని చంకలోంచి తీసి, నీళ్ళ మీదుగా భార్య ఉయ్యాల వైపు చాపాడు.

"దుర్గమ్మా, అమ్మ దగ్గరికెళ్ళు."

పిల్ల తండ్రి మెడ వదల్లేదు. కిందికి చూసింది, నీళ్ళు. తండ్రి మొహం చూసింది. సత్యవాణి చేతులు చాపలేదు. చాపిన చేతుల్లోకి రాకపోతే భరించలేనని భయం. ఉయ్యాల గుడ్డ అంచు మాత్రం పక్కకి లాగి, చోటు చేసి పట్టుకుంది. అప్పుడు దుర్గాశ్రీ ఒక కాలు ఉయ్యాలలోకి పెట్టింది. ఇంకో కాలు పెట్టింది. వచ్చి, ఒళ్ళంతా కర్రలా బిగించుకుని, తల్లికి తగలకుండా ఒక చివర కూచుంది.

గణేష్‌బాబు, మణిదీప్ వాళ్ళ ఉయ్యాలలో సర్దుకున్నారు. త్రిమూర్తులు చెప్పినట్టు గమ్మున ఉన్నారంతా. ఉంటే అప్పుడు కనపడింది.

నీళ్ళు ఇంకా వస్తున్నాయి. అల లేదు, ఒరవడి లేదు. కళ్ళెదురుగా నేల మాయమైపోతోంది. ఇందాక తాము కూచుని పులిహోర తిన్న చోటు లేదు. పుల్లలు లేవు. చెట్లన్నీ అద్దంలో నిలబడ్డాయి. ఆకుల సందుల్లోంచి చంద్రుడు పైన ఒకడు, కింద వంద ముక్కలుగా ఒకడు. పైనా ఆకాశమే, కిందా ఆకాశమే, మధ్యలో చేరెడు గుడ్డలో తనూ, తన పిల్లా. ఎడారిలో ఇంతకన్నా ఎక్కువ చుక్కలు చూసింది సత్యవాణి. కానీ అవి మేడం వాళ్ళ చుక్కలు. వాటి కింద తను డ్యూటీలో ఉండేది. ఇలా నోట మాట రాకుండా, ఏం చెయ్యాలో తోచకుండా, కేవలం చూస్తూ ఉండిపోవడం బుద్ధెరిగాక ఇదే.

"అదుగో," అంది దుర్గాశ్రీ గుసగుసగా.

ఉయ్యాల కట్టిన మాను మీద ఒక పీత ఎక్కుతోంది. దాని వెనక ఇంకొకటి. చూసేకొద్దీ కనపడ్డాయి. నత్తలు, చీమలు, వేలెడంత చేప ఒకటి, అది కూడా రెక్కలతో మానుని పట్టుకుని తడి బెరడు మీదికి పాకి, కనుగుడ్లు పైకి పెట్టుకుని చూస్తోంది. నీటికి చిక్కకుండా ఆ చోట బతికేవన్నీ బారులు తీరి చెట్లెక్కేశాయి.

"వాళ్ళు కూడా మనలాగే పడుకోడానికా?" అంది పిల్ల.

"అంతే అయ్యుంటుంది."

"వాళ్ళకి ఉయ్యాల లేదు పాపం."

అవతల గుబురు నీడలో మిణుగురులు వెలిగాయి. ఒక కొమ్మంతా ఒక్కసారి వెలిగి, ఒక్కసారి ఆరింది. దుర్గాశ్రీ అటు చూడ్డానికి తిరుగుతూ కర్రలా బిగించుకున్న ఒళ్ళు మర్చిపోయింది. దాని వీపు సత్యవాణి పొట్టకి ఆనింది. సత్యవాణి ఊపిరి కూడా గట్టిగా తియ్యలేదు.

పక్క ఉయ్యాలలో గురక మొదలైంది. మణిదీప్ కూడా తండ్రి మీద బోర్లా పడి నిద్రపోయాడు. నీళ్ళు ఇక పెరగడం లేదు. ఎటూ పోనూ లేదు. ఆగి నిలబడ్డాయి. ఆ నిశ్శబ్దంలో పాయ వైపు వంగి పడి ఉన్న మాను మీద ఏదో వచ్చి కూచుంది.

పిల్లి అనుకుంది సత్యవాణి. పిల్లి అంత ఉండదు. బలిసిన ఊరకుక్కంత ఉంది, పొట్టి కాళ్ళు, ఒళ్ళంతా నల్లటి చుక్కలు వరసలు వరసలుగా. అది వీళ్ళ వైపు చూడలేదు. నీళ్ళ వైపే చూస్తూ, రాతి బొమ్మలాగ కూచుంది. దుర్గాశ్రీ చెయ్యి వచ్చి తల్లి చేతిని పట్టుకుంది. రెండో చెయ్యి తల్లి నోటిని మూసింది, అరవద్దని. ఎంతసేపో తెలీదు. ఉన్నట్టుండి అది ముందు కాలు నీళ్ళలో వేసింది. చంద్రుడు ముక్కలు ముక్కలైపోయాడు. దాని నోట్లో చేప తెల్లగా కొట్టుకుంటోంది. అప్పుడు తలెత్తి, ఉయ్యాలలోని ఇద్దర్నీ సూటిగా చూసింది. కళ్ళు పచ్చగా వెలిగాయి. దొంగని చూసినట్టూ చూడలేదు, శత్రువుని చూసినట్టూ చూడలేదు. మీరూ ఇక్కడే ఉంటారా, అన్నట్టు చూసి, నింపాదిగా మాను దిగి, నీళ్ళలో నడుచుకుంటూ చీకట్లోకి వెళ్ళిపోయింది.

చాలాసేపటికి పిల్ల చెయ్యి తీసింది. "చూశావా?" అంది.

"చూశాను."

"నాన్న చూళ్ళేదు. అన్నయ్య చూళ్ళేదు. మనమే చూశాం."

"మనమే చూశాం," అంది సత్యవాణి.

అంతలో దుర్గాశ్రీకి ఆవలింత వచ్చింది. వెంటనే లేచి కూచుంది. కళ్ళు నులుముకుంది. రెప్పలు వాలిపోతుంటే వేళ్ళతో పైకి పట్టుకుంది.

"నిద్రొస్తే పడుకోమ్మా."

"పడుకోను."

"ఎందుకు తల్లీ? నేనంటే భయమా?"

"భయం కాదు," అంది పిల్ల, ఇంత చిన్న సంగతి తెలీదా అన్నట్టు. "నేను పడుకుంటే నువ్వు వెళ్ళిపోతావుగా."

సత్యవాణికి ముందు అర్థం కాలేదు.

"అన్నయ్య చెప్పాడు. నేను పడుకున్నానంట. లేచి చూస్తే నువ్వు లేవంట. కువైట్ వెళ్ళిపోయావంట. నానమ్మైతే వెళ్ళదు. ఎంతసేపు పడుకున్నా అక్కడే ఉంటాది."

మూడేళ్ళ కిందట ఆ తెల్లవారుజామున వీధిలో కారు ఆగి ఉంది. పిల్ల నిద్రపోతుండగానే బయల్దేరమ్మా అంది బుల్లెమ్మ. లేచి ఏడిస్తే నువ్వు అడుగు వెయ్యలేవు, పైగా ప్రయాణమప్పుడు ఏడుపు మంచిది కాదు. ఇరుగమ్మా అదే అంది, పొరుగమ్మా అదే అంది. ఆ దేశం వెళ్ళిన ప్రతి తల్లీ అలాగే వెళ్ళింది. సత్యవాణి కూడా వంగి ముద్దు పెట్టబోయి, లేస్తుందేమోనని మానేసి, పిల్లిలా అడుగులో అడుగేసుకుంటూ బయటికి నడిచింది. ఆ రోజు తను చేసిన పనుల్లో పిల్ల మేలు కోరి చేసింది అదొక్కటే అని మూడేళ్ళూ తనకి తాను చెప్పుకుంది.

పిల్లకి తను అక్కర్లేదనుకుంది. పిల్ల తనని కాపలా కాస్తోంది. వచ్చిన రోజు నుంచీ, ప్రతి మధ్యాహ్నం గోడకి ఆనుకుని, మూతలు పడే కళ్ళతో.

ఇక వెళ్ళను అందామనుకుంది. అన్నా మాత్రం అది ఎందుకు నమ్మాలి?

దుర్గాశ్రీ ఉయ్యాల అంచు మీదుగా కిందికి తొంగి చూస్తోంది. ఏదో ఆలోచిస్తోంది.

"లోతుందా?"

"నాన్నకి మోకాళ్ళ దాకా అంట."

"నీకు ఈత వచ్చా?"

"రాదు."

"చెప్పులు కూడా పోయాయి కదా నీకు?"

"పోయాయి."

"అయితే ఇప్పుడు నువ్వు దిగలేవు," అంది పిల్ల.

"దిగలేను," అంది సత్యవాణి.

"ఎక్కడికీ వెళ్ళలేవు."

"ఎక్కడికీ వెళ్ళలేను."

దుర్గాశ్రీ పెద్దగా నిట్టూర్చింది, సంతలో రోజంతా నిలబడి వచ్చిన మనిషిలాగ. తల్లి చెయ్యి లాగి తల కింద పెట్టుకుంది. ఒక కాలు తల్లి మీద వేసింది. పాట కూడా అడగలేదు. కళ్ళు మూసిన మరుక్షణం నిద్రలో పడిపోయింది.

సత్యవాణి అలా చూస్తూ ఉంది. నోరు కొద్దిగా తెరిచి నిద్రపోతుంది తన కూతురు. నిద్రలో కనుబొమ్మలు పైకెత్తుతుంది. ఇవేవీ తనకి తెలీవు. ఇంత దగ్గర నుంచి ఇది నిద్రపోవడం చూసి మూడేళ్ళు. ఏడుపొచ్చింది. కదిలితే లేస్తుందని కదలకుండా ఏడ్చింది. చంద్రుడు నడినెత్తికి వచ్చేసరికి నీళ్ళు వచ్చినంత మెల్లగానే వెనక్కి తియ్యసాగాయి. ముందు పుల్లల కొసలు కనపడ్డాయి, తర్వాత పుల్లలు, తర్వాత నిగనిగలాడే బురద. చెట్లెక్కినవన్నీ ఒక్కొక్కటే దిగి ఎవరి కన్నాల్లోకి అవి పోయాయి.

ఆవిడ దిగలేదు. చెయ్యి తిమ్మిరెక్కి, ఇక అది తనది కాదేమో అనిపించింది. తెల్లారుతుంటే వేరే అవసరాలూ వచ్చి పడ్డాయి. వాటినీ బిగబట్టుకుంది.

గణేష్‌బాబు ముందు లేచాడు. బురదలోకి దిగి, నడుం పట్టుకుని, చుట్టూ చూశాడు. ఎక్కడో పుల్లల్లో చిక్కుకున్న తన టవల్‌ని పీక్కొచ్చి భార్య దగ్గరికి వచ్చాడు.

"దిగు వాణీ. పొద్దెక్కాక మళ్ళీ పోటు వస్తాదంట. తొందరగా పోదాం."

"పాప లేచాక దిగుతాను."

"లేపితే లేస్తాదిగా."

"లేపొద్దండి," అంది. "మేడంకి ఇవాళ చెప్పేస్తున్నాను. నేనిక రాను."

గణేష్‌బాబు కాళ్ళ బురద వంక చూసుకున్నాడు. నీ ఇష్టం అంటాడని ఎదురుచూసింది. "నా ఇష్టం కూడా అదే," అన్నాడతను. "అంటే, నా మాట విని ఆగిపోయి, తర్వాత ఇబ్బంది పడితే నన్నే అంటావని..." అని నసిగి, మొహం టవల్‌తో గట్టిగా తుడుచుకుని, కొడుకుని లేపడానికి వెళ్ళాడు.

ఆ మాటలకో, మొహం మీద పడిన ఎండకో దుర్గాశ్రీ కదిలింది. కళ్ళు విప్పింది. ముందు కిందికి చూసింది. నీళ్ళు లేవు, నేల ఉంది. గభాల్న తల తిప్పి పైకి చూసింది. తల్లి ఉంది.

"నీళ్ళేవి?"

"వెళ్ళిపోయాయి."

"ఎప్పుడు?"

"నువ్వు పడుకున్న కాసేపటికే."

పిల్ల మళ్ళీ నేల వంక చూసింది, దిగడానికి ఎంత వీలుగా ఉందో చూసింది. తండ్రి దాని మీద నడుస్తున్నాడు. ఆ నడకని చాలాసేపు చూసింది. తర్వాత తిరిగి తల్లి చేతి మీద తల పెట్టుకుని, "ఇంకాసేపు పడుకుంటా," అని కళ్ళు మూసుకుంది.